ఒకరి నియమం, ఒకరి గరిటె

తెలుగింట్లో స్టవ్ వెలిగించే ముందు ఒక లెక్క వేసుకోవాలి: ఈరోజు ఎవరికి ఏది పనికిరాదు? నాన్నకు శనివారం ఒంటిపూట. నాయనమ్మకు కార్తీకమాసమంతా ఉల్లి, వెల్లుల్లి నిషిద్ధం. తమ్ముడు అయ్యప్ప మాల వేసుకుంటే దీక్ష ముగిసేదాకా ఇంటిల్లిపాదికీ చేపలు బంద్. కాశీకి వెళ్ళొచ్చిన మేనత్త అక్కడ ఒక కూరో పండో వదిలేసి వస్తుంది. బాగా ఇష్టమైనదే వదలాలంటారు గానీ, నాకు తెలిసిన కాశీయాత్రికుల్లో కాకరకాయ వదిలినవాళ్ళే ఎక్కువ. ఏది వదిలినా సరే, ఆ తర్వాత అది ఆవిడ విస్తట్లో పడదు. ఎందుకు వదిలావని అడిగేవాళ్ళూ ఉండరు.

రాయలసీమలో మాధ్వుల ఇళ్ళకు వెళ్తే ఈ లెక్క ఇంకా పెద్దది. చాతుర్మాస్యం నాలుగు నెలల్లో మొదటి నెల కూరగాయలు ఉండవు. రెండో నెల పెరుగు ఉండదు, మూడో నెల పాలు ఉండవు, ఆఖరి నెల పప్పుధాన్యాలు ఉండవు. కూరగాయల్లేని నెలలో రోజూ ఏం వండాలో, పప్పు లేని నెలలో చారు ఎలా కాచాలో ఆ ఇళ్ళలో ఆడవాళ్ళకు నోటికి వచ్చు. పీఠంలో స్వామివారు వ్రతం పట్టారని అందరికీ తెలుస్తుంది. వంటింట్లో ఎవరు నెట్టుకొచ్చారన్నది ఎక్కడా రాసి ఉండదు.

మా నాన్న కార్తీకమాసం నియమం ఏనాడూ తప్పలేదని చుట్టాలంతా గొప్పగా చెప్పుకుంటారు. నిజమే, తప్పలేదు. తప్పకుండా చూసుకుంది మా అమ్మ. ఉల్లిపాయ తరిగిన కత్తిపీట విడిగా కడిగిందీ, పోపులో అలవాటుగా వెల్లుల్లి వెయ్యబోయిన చేతిని వెనక్కి తీసుకుందీ, హోటలు నుంచి తెచ్చిన చట్నీ ముందు తాను రుచి చూసి పక్కన పెట్టిందీ ఆవిడే. ఈ సంగతి నాకు చాలాకాలం పట్టలేదు. మా ఆవిడ పాలూ నెయ్యీ కూడా మానేసి వీగన్ అయ్యాక, వంటిల్లు నా చేతికి వచ్చాక పట్టింది.

మా ఆవిడది ఆదోని. నాది గోదావరి పక్క, పుస్తెలమ్మైనా పులస తినాలనే ప్రాంతం. కాపురం హైదరాబాదులో. ఆమె ఉద్యోగానికి వేళాపాళా ఉండదు. నాకు వంటంటే సరదా. అందుకని సంచీ, గరిటె రెండూ నావే. పుట్టుకతోనే మాంసం, చేప, గుడ్డు ఎరగని మనిషి కొన్నేళ్ళ కింద పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా మానేసింది. పట్టుచీరలు చెల్లెలికి ఇచ్చేసింది. నేను మానలేదు. ఆదివారం చేపలు బయట తింటాను. నా పెరుగు నేను విడిగా తోడుపెట్టుకుంటాను. ఒకే ఫ్రిజ్‌లో రెండు మతాలు.

ఆమె పాలు మానేసిన మాట బయటపెట్టగానే ఎదుటివాళ్ళ ముఖాలు చూడాలి. “డాక్టరు వద్దన్నాడా?” అని మొదటి ప్రశ్న. కాదంటే, “మొక్కు ఏమైనా ఉందా?” అని రెండోది. అదీ కాదంటే ఇక వాదన మొదలు. మొక్కలకు ప్రాణం లేదా? కృష్ణుడు వెన్న తినలేదా? దూడ తాగగా మిగిలినవే కదా మనం పిండుకునేది? దేవుడి కోసం ఏది మానినా చేతులు జోడించే మనం, దూడ కోసం మానితే మాత్రం లాయర్లమైపోతాం. ఈ నియమానికి దేవుడు లేడు, ముగిసే తిథి లేదు, ఉద్యాపన లేదు. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఇంకా కొందరు కలిసి వీగన్ సొసైటీ పెట్టారు. అంత నిన్నమొన్నటి వ్యవహారానికి మన పంచాంగంలో గడి ఎక్కడుంటుంది?

దీనికి మా అమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. మా ఊళ్ళో పెళ్ళికి వెళ్ళినప్పుడు, నెయ్యి గిన్నెతో వచ్చిన పెద్దమ్మకు అడ్డుపడి, “మా కోడలు కాశీలో పాలూ నెయ్యీ వదిలేసిందక్కా” అంది. పెద్దమ్మ ఠక్కున గిన్నె వెనక్కి తీసుకుని, “అంత చిన్న వయసులోనే! ఎంత భక్తో” అని వెళ్ళిపోయింది. మా ఆవిడ కాశీ ముఖం చూసి ఎరగదు. నవ్వింది గానీ, రాత్రి అంది: “పుణ్యం కోసం మానానంటే గౌరవించి, జాలితో మానానంటే వెక్కిరిస్తారేం?” నా దగ్గర జవాబు లేదు. ఆదోనిలో వాళ్ళ అవ్వ దగ్గర మాత్రం ఉంది. ఏళ్ళ తరబడి చాతుర్మాస్యం చేసిన మనిషి. విషయం విని, “నేను నెల మానేదాన్ని నువ్వు ఏడాదంతా మాన్తాండావు, అంతే గదా” అని, తన కంచంలో పెరుగు కలుపుకుని తినేసింది. మనవరాలి కారణాలు ఆమె ఒప్పుకోలేదు, కాదనలేదు. నియమం అన్నాక నియమమే.

ఇక సరుకుల సంగతి. రైతుబజారులో నాకు ఏ ఇబ్బందీ లేదు. వంకాయ, బెండకాయ, గోంగూర, చుక్కకూర, కందగడ్డ ఎవరినీ ఏమీ అడగక్కర్లేకుండా సంచిలోకి వచ్చేస్తాయి. చిక్కంతా అట్టపెట్టెల్లోనూ ప్లాస్టిక్ పొట్లాల్లోనూ ఉంది. “పచ్చ చుక్క ఉంది గద సార్, ప్యూర్ వెజ్జే” అంటాడు మా కిరాణా కొట్టాయన. ఆయన తప్పేం లేదు. మన దేశపు ఆహార నిబంధనల్లో మాంసాహారం కిందికి ఏవి వస్తాయో చెబుతూ పాలు, పాల పదార్థాలు, తేనె, తేనెమైనం, లక్క మినహాయించారు. కాబట్టి అవన్నీ పచ్చ చుక్క నీడలో హాయిగా ఉంటాయి. వీగన్ ఆహారానికి విడిగా నిబంధనలు 2022లో వచ్చాయి. ఆకుపచ్చని ‘వి’ అక్షరం మీద చిన్న ఆకు మొలిచినట్టుండే గుర్తు ఒకటి పెట్టారు. ఖరీదైన సూపర్ మార్కెట్లలో కనిపిస్తుంది. మా వీధి కొట్టుదాకా ఇంకా నడిచి రాలేదు.

అందుకని వెనకవైపు చిన్న అక్షరాలు చదవడం నా పని అయింది. బిస్కెట్లలో పాలపొడి, బ్రెడ్డులో పాల పదార్థాలు, చిప్స్ మీద చల్లిన మసాలాలో పాల విరుగుడు పొడి. కారంగా ఉండేదానిలో పాలెందుకని అడిగేవాణ్ణి. మసాలా రుచిని మొయ్యడానికట. మెరిసే చాక్లెట్ గోళీల పెట్టె మీద 904 అనే అంకె కనిపిస్తే, ఆ మెరుపు లక్కపురుగుది. 120 అని ఉంటే ఆ ఎరుపు కూడా ఒక పురుగుదే. మందుల షాపులో ఇంకో అధ్యాయం: క్యాప్సూళ్ళ తొడుగు చాలావాటిలో జెలటిన్, అంటే జంతువుల ఎముకలూ చర్మం నుంచి తీసేది, మాత్రల్లో మందును మోసేది తరచుగా పాలచక్కెర. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మందు మందే అని ఆమె ముందే చెప్పింది కాబట్టి అక్కడ నేను అంత పట్టు పట్టను. విచిత్రమేమిటంటే ఈ తిండికి తప్పనిసరిగా కావలసింది ఒక మాత్రే. బి12 విటమిన్‌ను తయారుచేసేవి సూక్ష్మజీవులు. మొక్కల్లో నమ్మదగినంత దొరకదు. ఆ ఒక్కటి మాత్రం నెలవారీ సరుకుల చీటీలో కందిపప్పు కన్నా పైన రాసుకుంటాను.

పొట్లాలు చదవచ్చు, నోట్లోకి వచ్చేవన్నీ పొట్లాల్లో రావు. చల్ల మిరపకాయలు ఉన్నాయి. చూడటానికి ఎండుమిరపకాయలే. ఉప్పు వేసిన మజ్జిగలో నానబెట్టి, ఎండబెట్టి, మళ్ళీ నానబెట్టి చేస్తారని వండేవాళ్ళకు తెలుసు, తినేవాళ్ళకు గుర్తుండదు. హోటల్లో కొబ్బరి చట్నీలో పెరుగు ఉండొచ్చు, రవ్వదోశె పిండిలో మజ్జిగ ఉండొచ్చు, ఉలవచారు మీద వెన్న తేలొచ్చు. వెజ్ బిర్యానీ సంగతి చెప్పనే అక్కర్లేదు. ముక్కల్ని నానబెట్టడమే పెరుగులో. అడిగి తెలుసుకోవాలి, విసుక్కోకుండా అడగాలి, సర్వరు “కొంచెమే సార్” అన్నప్పుడు నవ్వుతూ వద్దనాలి.

మన భోజనం గురించి నాకు ఇన్నేళ్ళూ తట్టని సంగతి ఈ వంటతోనే తట్టింది. తెలుగు భోజనంలో పాడి ఉండేది ముఖ్యంగా రెండు చివర్లలో. మొదటి ముద్ద మీద నెయ్యి, చివరి ముద్దలో పెరుగు. మధ్యలో ఉన్న సామ్రాజ్యమంతా మొక్కలదే. గోంగూర పచ్చడి, గుత్తివంకాయ, ఆవపెట్టిన అరటికాయ, పనసపొట్టు కూర, బెండకాయ పులుసు, పచ్చిపులుసు, చారు, నువ్వులనూనెలో ఊరిన ఆవకాయ, కందిపొడి, నువ్వుపొడి. టిఫిన్లలో ఇడ్లీ, పెసరట్టు. తెలంగాణలో జొన్నరొట్టె, సర్వపిండి, సకినాలు. వీటిలో దేనికీ నేను కొత్తగా ఏమీ చెయ్యలేదు, పోపు నూనెతో పెట్టడం తప్ప. ఉగాది పచ్చడికీ, వినాయకచవితి ఉండ్రాళ్ళకూ, పులిహోరకూ మార్పే అక్కర్లేదు. సద్దుల బతుకమ్మనాడు చేసే సద్దుల్లో పెరుగు సద్ది ఒక్కటి పక్కన పెడితే నువ్వులది, పల్లీలది, కొబ్బరిది, చింతపండుది అన్నీ ఆమెవే. చివరికి ఖుబానీ కా మీఠా కూడా; మీద మలై వెయ్యొద్దని చెబితే చాలు, కింద ఉన్నది ఎండు ఆప్రికాట్లూ చక్కెరే.

కానీ ఆ రెండు చివరలూ చిన్నవి కావు. మొదటి ముద్ద మర్యాద, చివరి ముద్ద తృప్తి. నెయ్యి వెయ్యకుండా పప్పన్నం పెడితే ఆతిథ్యం ఇచ్చినట్టు కాదు. పెరుగన్నం తినకుండా లేస్తే భోజనం అయినట్టు కాదు. పిల్లల మీద ప్రేమ ఎంతుందో మన అమ్మలు చెప్పేది గిన్నెలోంచి జారే నెయ్యితోనే. కోడలికి ఆ నెయ్యి వెయ్యడానికి లేకపోయేసరికి మా అమ్మకు చెయ్యి ఆడలేదు. “ఒరేయ్, మరి నేను దానికేం పెట్టనురా?” అని నన్ను పక్కకు పిలిచి అడిగింది. అది వంట గురించిన ప్రశ్న కాదని నాకు అర్థమైంది. గానుగలో ఆడించిన నువ్వులనూనె సీసా ఒకటి మా ఊరి వంటింట్లో పెట్టాను. ఇప్పుడు ముద్దపప్పులో, ఆవకాయలో ఆ నూనె పోసేది మా అమ్మే; చాలమ్మా అన్నా వినకుండా, నెయ్యి పోసినట్టే పోస్తుంది.

చివరి ముద్దకు ఎక్కువ శ్రమ పట్టింది. జీడిపప్పు పెరుగు రుచిగా ఉంటుంది, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. మా ఇంట్లో నిలిచింది వేరుశెనగ పెరుగు. రాయలసీమ అమ్మాయికి పల్లీల వాసన పుట్టింటి వాసనే కదా. రాత్రి నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, పల్చని గుడ్డలో వడగట్టాలి. ఆ పాలను సన్నని సెగ మీద కలుపుతూ కాచాలి. కలపడం ఆపితే అడుగంటుతుంది. గోరువెచ్చగా అయ్యాక తోడు వెయ్యాలి. మొదటిసారి తోడెక్కడిది? పచ్చిమిరపకాయ తొడిమలు. వాటి మీద సహజంగా ఉండే సూక్ష్మజీవులే ఆ పని చేస్తాయి. ఒకసారి తోడుకున్నాక ఇక ఆ పెరుగే తర్వాతిదానికి తోడు. ఎండాకాలం రాత్రికి రాత్రే గట్టిపడుతుంది, చలికాలం దుప్పటి కప్పాలి. గుడ్డలో మిగిలిన పిప్పిని పచ్చడిలోనో వడపిండిలోనో కలిపేస్తాను. పల్లీల వాసన కొంచెం ఉంటుంది. ఉట్టి పెరుగుగా తింటే తెలుస్తుంది గానీ, అల్లం, కరివేపాకు, మెంతులతో పోపు పెట్టిన మజ్జిగపులుసులో నాకే తేడా తెలియదు.

పరమాన్నం కొబ్బరిపాలతో చేస్తాను. కోనసీమ కొబ్బరికాయ దొరికిన రోజున దాన్ని చూసి ఆవుపాలు కూడా సిగ్గుపడాలి. చిక్కటి పాలు ఆఖరున పోసి దించెయ్యాలి, మరగనిస్తే విరిగినట్టు అయిపోతుంది. కాఫీ ఒక్కటే ఇంకా తగువు. సోయాపాలు వేడి డికాక్షన్‌లో పడగానే విరుగుతాయి. ఓట్స్ పాలు విరగవు, కానీ కొనబోతే గేదెపాల కన్నా బాగా ఖరీదు. పూతరేకులకు నేను ప్రత్యామ్నాయం వెతకలేదు. ఆత్రేయపురం వాళ్ళు నెయ్యి రాసి మడతపెట్టేదాన్ని కొబ్బరినూనె రాసి మడతపెడితే ఆ రేకుకే అవమానం. కొన్ని వదిలెయ్యాలి. వదలడం తెలిసిన మనిషి ఆమె, ఎలాగూ.

ఎందుకు వదిలిందో కూడా చెప్పాలి కదా. వాళ్ళ పక్కింట్లో ఎనుము ఉండేదట. దున్నదూడ పుట్టింది, కొన్నాళ్ళకే చచ్చిపోయింది. దూడ లేకపోతే ఎనుము చేపదు. చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కి తల్లి ముందు నిలబెట్టారు. తల్లి దాన్ని నాకుతుంటే కింద పాలు పిండుకున్నారు. చిన్నప్పుడు చూసినదాన్ని ఆమె పెద్దయ్యేదాకా మోసి, ఒకరోజు గ్లాసు పక్కన పెట్టేసింది. పాలిచ్చే పెయ్యదూడకు ఉన్న విలువ, పొలం పనులు ట్రాక్టర్లకు పోయాక, దున్నదూడకు లేదన్నది ఆమె లెక్క.

నేను పూర్తిగా ఒప్పుకోను. 1970లో మొదలైన శ్వేతవిప్లవం ఈ దేశాన్ని 1998 నాటికి పాల ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి స్థానానికి తెచ్చింది. ఆ పాలలో ఎక్కువభాగం కొద్దిపాటి పాడి ఉన్న ఇళ్ళ నుంచి వచ్చినవే. వాన మొఖం చాటేసిన ఏడాది పిల్లల ఫీజులు కట్టింది పాలకేంద్రంలో చేతికొచ్చిన డబ్బేనని చెప్పే ఇల్లాళ్ళు మా ఊళ్ళో వీధికి నలుగురున్నారు. నేను ఆ మాట అంటాను. ఆమె గడ్డి దూడ మాట అంటుంది. రెండూ నిజాలే కాబట్టి వాదన తెగదు. ఈలోగా కుక్కర్ కూత వేస్తుంది, నేను లేచి వెళ్తాను.

ఒప్పుకోనివాడి చేతి వంట తినడం ఎంత ధైర్యమో నాకు గాంధీగారి ‘సత్యశోధన’ చదివితే తెలిసింది. కలకత్తాలో పాల కోసం ఆవుల్నీ గేదెల్నీ పెట్టే హింస గురించి చదివి, 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ ఫారంలో ఆయన పాలు మానేశారు. 1918లో ఖేడా జిల్లాలో తిరిగి తిరిగి విరేచనాలతో మంచం పట్టారు. పాలు తాగకపోతే ఒళ్ళు కోలుకోదన్నాడు డాక్టరు. ప్రతిజ్ఞ ఉందన్నారు గాంధీ. మంచం పక్కన నిలబడి వింటున్న కస్తూర్బా అందుకుని, మేకపాలకు అభ్యంతరం ఉండదు కదా అంది. ఆయన తాగారు, బతికారు. ప్రతిజ్ఞలో అక్షరాన్ని కాపాడుకుని ఆత్మను పోగొట్టుకున్నానని తర్వాత జీవితమంతా బాధపడ్డారు. మేక ప్రసిద్ధురాలైంది.

ఆ ఘట్టాన్ని అందరూ గాంధీ వైపు నుంచి చదువుతారు. నేను కస్తూర్బా వైపు నుంచి చదువుతాను. ఆవిడ చెయ్యనిది ఒకటుంది. నీరసించిన మనిషి గంజిలో నాలుగు చెంచాల పాలు కలిపి, చెప్పకుండా తాగించడం ఆవిడకు ఎంత సులువు? ప్రాణం నిలబెట్టడానికేనని లోకమంతా క్షమించేది. ఆవిడ అలా చెయ్యకుండా, ఆయన ముందే నిలబడి, ఆయన మాటలోనే సందు వెతికి, ఎంచుకునే పని ఆయనకే వదిలింది. ఆ ప్రతిజ్ఞతో ఆవిడకు ఏకీభావం లేకపోవచ్చు. దొంగతనంగా మాత్రం భంగపరచలేదు.

ఇంకొకరి నియమానికి వండటమంటే నాకు అర్థమైనంతలో ఇదే. తినేవాళ్ళకు తమ నియమం నిలిచిందో లేదో తెలిసే దారి లేదు. పోపులో పడింది నూనో నెయ్యో, మజ్జిగపులుసు ఏ మజ్జిగదో గరిటె పట్టినవాళ్ళకే తెలుసు. ఆమె ప్రతి పూటా తన మాటను నా చేతిలో పెట్టి, పరీక్షించకుండా ముద్ద కలుపుకుంటుంది. దానికి నేను దూడ గురించి ఆమెతో ఏకీభవించనక్కర్లేదు. మా నాన్న కార్తీకమాసం మీద మా అమ్మకు పెద్ద నమ్మకమేమీ ఉండేది కాదు. ఆవిడకు నాన్న మాట మీద పట్టింపు. మనం పెళ్ళిళ్ళలో అభిప్రాయాలు కలవాలని తెగ వెతుకుతాం. అభిప్రాయం కలవని చోట కూడా ఎదుటివాళ్ళ మాటను దించకుండా మొయ్యగలగడం అంతకన్నా ఎక్కువ అక్కరకొస్తుంది.

పుణ్యం ఉంటే గింటే, పట్టినవాళ్ళకు సగం, వండినవాళ్ళకు సగం రావాలి. మా అమ్మకు రావలసిన బాకీ చాలా ఉంది. అందుకే ఎవరైనా ఫలానా ఆయన ఎంత నిష్ఠాపరుడో అని పొగుడుతుంటే, వాళ్ళింట్లో వంట ఎవరు చేస్తారని అడగడం నేర్చుకున్నాను. నియమం ఎంత గొప్పదో పట్టినవాళ్ళు చెబుతారు. ఎంత పనో తెలియాలంటే వంటింట్లోకి రావాలి. మా ఇంటికి వచ్చేవాళ్ళు ఖాళీ చేతులతో కూర్చోనక్కర్లేదు. పల్లీలు నానే ఉన్నాయి, పొట్టు తియ్యాలి.